స్ట్రీమింగ్ పాట, దాచుకున్న ఫైలు: ఏది బాగుందో మీ చెవులతోనే తేల్చుకోవడం ఎలా?

ఫోనులో దాచుకున్న ఫైలు బాగా వినిపిస్తుందా, యాప్‌లో వచ్చే పాట బాగా వినిపిస్తుందా అని అడిగితే చాలామంది తడుముకోకుండా జవాబు చెబుతారు. ఎలా తెలిసిందంటే, రెండూ విన్నామంటారు. ఎలా విన్నారన్నదే అసలు సంగతి. ఒకటి కాస్త గట్టిగా మోగి ఉంటుంది, రెండోది మెల్లగా. ఒకటి బ్లూటూత్‌లో విన్నది, రెండోది తీగ ఉన్న ఇయర్‌ఫోన్లో. ఒకటి పాత క్యాసెట్ నుంచి ఎవరో ఎక్కించినది, రెండోది సంస్థ అసలు టేపు బయటికి తీసి శుభ్రం చేసి విడుదల చేసినది. ఇన్ని తేడాలను పక్కపక్కన పెట్టుకుని విని, మంచిచెడ్డలన్నీ స్ట్రీమింగ్‌కో ఫైలుకో అంటగట్టడం సరికాదు.

ఒక కంప్యూటర్, ఒక మంచి ఇయర్‌ఫోన్, ఒక తీరికైన సాయంత్రం ఉంటే ఈ పోలికను ఇంట్లోనే న్యాయంగా చేయవచ్చు. అందుకు కావలసిన సాఫ్ట్‌వేర్ అంతా ఉచితమే. వరుసగా చెబుతాను.

ముందు కొన్ని అంకెలు

సీడీలో సెకనుకు 44,100 నమూనాలు ఉంటాయి. ఒక్కో నమూనాకు 16 బిట్లు, కుడి ఎడమలకు రెండు చానళ్లు. లెక్కవేస్తే సెకనుకు సుమారు 1,411 కిలోబిట్లు. నాలుగు నిమిషాల పాటకు 42 మెగాబైట్ల పైచిలుకు. ఫ్లాక్ అనే పద్ధతి ఒక్క బిట్టు కూడా పోగొట్టకుండా దీన్ని సగానికో, మూడింట రెండు వంతులకో కుదిస్తుంది. విప్పితే సీడీలో ఉన్నది ఉన్నట్లు తిరిగి వస్తుంది.

ఎంపీ3, ఏఏసీ, ఓగ్ వోర్బిస్, ఓపస్ పద్ధతులు వేరు. గట్టి శబ్దం వెంట వచ్చే మెల్లని శబ్దం మన చెవికి సరిగ్గా అందదు. ఆ బలహీనతను లెక్కలోకి తీసుకుని, వినిపించదనుకున్న వివరాన్ని అవి వదిలేస్తాయి. 320 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు, దీన్నే బిట్‌రేటు అంటారు) ఎంపీ3లో అదే నాలుగు నిమిషాల పాట 9.6 మెగాబైట్లకు దిగుతుంది.

స్పాటిఫై యాప్ చాలాకాలంగా ఓగ్ వోర్బిస్‌లో గరిష్ఠంగా 320 కేబీపీఎస్ ఇస్తోంది. 2025 సెప్టెంబరులో కొన్ని దేశాల చందాదారులకు ఫ్లాక్ కూడా మొదలుపెట్టింది. ఆపిల్ మ్యూజిక్ మామూలుగా 256 కేబీపీఎస్ ఏఏసీ ఇస్తుంది. 2021 జూన్ నుంచి అదనపు రుసుము లేకుండా ఏమీ పోగొట్టని రూపం కూడా ఇస్తోంది. యూట్యూబ్ మ్యూజిక్‌లో పై హద్దు 256. ఈ అంకెలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి 320 పెద్దది కాబట్టి అదే మేలు అనుకోకండి. పైన చెప్పిన పద్ధతులలో ఎంపీ3 అన్నిటికంటే పాతది. 256 ఏఏసీ 320 ఎంపీ3కి ఏమాత్రం తీసిపోదు.

ఇక్కడే రెండు అపోహలు తీర్చుకోవాలి. నెట్ సరిగ్గా లేకపోతే పాట పలచబడుతుందని కొందరు నమ్ముతారు. స్ట్రీమింగ్‌లో వచ్చేది ఫైలు ముక్కలే. దారిలో ముక్క తప్పిపోతే మళ్లీ అడిగి తెప్పించుకుంటారు, లేదంటే పాట ఆగిపోతుంది. నాణ్యతను ఆటోమేటిక్‌లో పెట్టి ఉంచితే యాప్ తక్కువ బిట్‌రేటుకు దిగుతుంది. అంతే తప్ప రేడియోలో సిగ్నల్ తగ్గినట్లు శబ్దం అరిగిపోవడం ఉండదు. రెండోది, యాప్‌లో డౌన్‌లోడ్ చేసుకున్న పాట. ఒకే నాణ్యత ఎంచుకున్నప్పుడు అది స్ట్రీమ్‌లో వచ్చే పాటే, తాళం వేసి మీ ఫోనులో ఉంచారు, అంతే. దాన్ని స్ట్రీమ్‌తో పోల్చి తేడా వెతకడం వృథా.

ఒకే మాస్టర్ దొరకబుచ్చుకోండి

మాస్టర్ అంటే విడుదలకు సిద్ధం చేసిన తుది రికార్డింగు. పోలికలో ఎక్కువమంది దాటవేసే మెట్టు ఇది. అన్నిటికంటే పెద్ద తేడా తెచ్చేదీ ఇదే. ఒకే పాట సినిమా ఆల్బమ్‌లో ఒక రకంగా, మధురగీతాల సంకలనంలో మరో రకంగా, రీమాస్టర్ చేసిన విడుదలలో ఇంకో రకంగా ఉంటుంది. పాత తెలుగు పాటలలో ఈ చిక్కు మరీ ఎక్కువ. గ్రామఫోను రికార్డు నుంచి ఎక్కించిన ప్రతి ఒకటి, టేపు నుంచి ఎక్కించిన ప్రతి ఒకటి, తరువాత కొత్త వాయిద్యాలు కలిపిన ప్రతి ఒకటి, అన్నీ ఒకే పేరుతో కనిపిస్తాయి. టేపు కాస్త వేగంగా తిరిగి ఉంటే శ్రుతే మారిపోతుంది. అలాంటి రెండు ప్రతులను పోలిస్తే మీకు తెలిసేది ఎక్కించినవారి పనితనం. స్ట్రీమింగ్ గురించి ఏమీ తెలియదు.

అందువల్ల ఆల్బమ్ పేరు, విడుదల చేసిన సంస్థ, సంవత్సరం సరిపోతున్నాయో లేదో చూడండి. పాట నిడివి సెకన్లతో సహా సరిచూడండి. రెండు మూడు సెకన్లు తేడా వస్తే అనుమానించండి. మీ దగ్గర సీడీ ఉంటే దాన్ని ఫ్లాక్‌గా ఎక్కించుకుని, యాప్‌లో అదే ఆల్బమ్ వెతకండి. ఇంతకంటే నమ్మదగిన జత దొరకదు.

మీ ఫైలు అసలుదేనా?

పేరులో 320 అని ఉన్నంత మాత్రాన ఫైలులో అంత సరుకు ఉందని కాదు. ఎక్కడెక్కడినుంచో చేరిన పాటలలో 128 కేబీపీఎస్ ఎంపీ3ని మళ్లీ 320కో, ఫ్లాక్‌కో మార్చి పెట్టినవి చాలా తిరుగుతుంటాయి. ఒకసారి వదిలేసిన వివరం మార్చినంత మాత్రాన తిరిగి రాదు, ఫైలు సైజు పెరుగుతుంది, అంతే.

దీన్ని కంటితో చూసి పట్టుకోవచ్చు. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిచి, ట్రాక్ పేరు పక్కన ఉన్న మెనూలో స్పెక్ట్రోగ్రామ్ ఎంచుకోండి. స్పెక్ట్రోగ్రామ్ సెట్టింగులలోకి వెళ్లి స్కేలును లీనియర్‌గా, గరిష్ఠ పౌనఃపున్యాన్ని 22,000గా మార్చండి. ఇవి మార్చకపోతే పై భాగం నొక్కుకుపోయో, తెగిపోయో కనిపిస్తుంది. ఇప్పుడు ఎడమ నుంచి కుడికి కాలం, కింది నుంచి పైకి పౌనఃపున్యం. తాళాలు మోగినచోట చూడండి. ప్రతి దెబ్బకూ ఒక సన్నని నిలువు గీత పైకి లేస్తుంది. సీడీ నుంచి నేరుగా తీసిన కొత్త పాటలో ఆ గీతలు 20 కిలోహెర్ట్జ్ దాటి, ఒక్కొక్కటి ఒక్కో ఎత్తులో, పైకి పోయేకొద్దీ మసకబారుతూ ముగుస్తాయి. 128 ఎంపీ3లో చాలావరకు 16 కిలోహెర్ట్జ్ దగ్గరే, దారం పట్టి కోసినట్లు, అన్నీ ఒకే ఎత్తులో ఆగిపోతాయి. దానిపైన అంతా ఖాళీ. ఫ్లాక్ అని పేరు పెట్టుకున్న ఫైలులో ఈ అడ్డగీత కనిపిస్తే దాన్ని పోలికకు వాడకండి. నిజమైన 320 ఎంపీ3లో కోత సాధారణంగా 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది.

ఒక జాగ్రత్త. 1950లలో రికార్డు చేసిన పాటలలో పై పౌనఃపున్యాలు మొదటినుంచీ అంతంతమాత్రమే. అక్కడ పైభాగం ఖాళీగా ఉండడం తప్పు కాదు. మెల్లగా మసకబారుతూ పోతే అది ఆనాటి మైకు, టేపుల స్వభావం. అన్నీ ఒకే ఎత్తులో అడ్డంగా తెగితేనే కుదింపు.

16 కిలోహెర్ట్జ్ పైన ఉన్నది పోతే మనకు వినిపిస్తుందా అని మీరు అడగవచ్చు. నలభై, యాభై దాటినవారిలో చాలామందికి ఆ ప్రాంతం అసలు వినిపించదు. ఆ కోత ఒక ఆనవాలు మాత్రమే. ఎక్కువగా కుదించిన ఫైలులో చెవికి తగిలే చెడుపు అంతకంటే కిందనే, గొంతూ తాళాలూ ఉండే చోటనే జరుగుతుంది.

యాప్, కంప్యూటర్ సర్దుబాట్లు

ఇది త్వరగా అయిపోయే పని. యాప్‌లో నాణ్యతను ఆటోమేటిక్ నుంచి తీసి, ఉన్నవాటిలో గరిష్ఠానికి మార్చండి. వైఫైకి, మొబైల్ డేటాకు, డౌన్‌లోడ్‌కు వేర్వేరు మీటలు ఉంటాయి, అన్నీ చూడండి. ఈక్వలైజర్, క్రాస్‌ఫేడ్, ఫోను తయారీదారు పెట్టిన శబ్ద మెరుగులు అన్నీ ఆపేయండి. డాల్బీ అట్మాస్ కూడా ఆపండి. అట్మాస్ రూపం వేరే మిక్సు, దాన్ని స్టీరియో ఫైలుతో పోల్చకూడదు. కంప్యూటర్‌లో బ్రౌజర్ బదులు యాప్ వాడండి. స్పాటిఫై వంటి సేవలు బ్రౌజర్‌లో తక్కువ బిట్‌రేటు ఇస్తాయి. విండోస్ సౌండ్ సెట్టింగులలో పరికరం ఫార్మాటును 44,100కు మార్చి, ఎన్‌హాన్స్‌మెంట్లు తీసేయండి.

పరీక్ష మాత్రం తీగ ఉన్న ఇయర్‌ఫోన్‌తోనే చేయండి. బ్లూటూత్‌లో పాటను ఒకసారి విప్పి, గాలిలో పంపడానికి మళ్లీ కుదిస్తారు. అన్ని పరికరాలలో ఉండే ఎస్‌బీసీ పద్ధతి మామూలుగా 328 కేబీపీఎస్ దగ్గర ఆగుతుంది. ఎల్‌డ్యాక్ అనే మెరుగైన పద్ధతి కూడా గరిష్ఠంగా 990. ఐఫోన్లలో ఎస్‌బీసీ, ఏఏసీ తప్ప మరొకటి లేదు. మీ ఫ్లాక్ ఫైలు ఎంత గొప్పదైనా చెవికి చేరేసరికి ఆ ఇరుకుదారిలోంచే రావాలి. ఫోనుకు ఇయర్‌ఫోన్ రంధ్రం లేకపోతే టైప్-సి అడాప్టర్ ఒకటి కొనుక్కోవచ్చు.

శబ్ద స్థాయి సమం చేయడం

ఇక్కడ తొందరపడకండి. రెండు శబ్దాలలో ఒకటి కొంచెమే గట్టిగా ఉంటే, అది గట్టిగా ఉందని మనకు అనిపించదు, బాగుందని అనిపిస్తుంది. స్పష్టంగా ఉంది, నిండుగా ఉంది, గాయని ఎదురుగా నిలబడినట్లుంది అంటాం. ఒక డెసిబెల్ తేడా కూడా ఇందుకు చాలు. దీనికి చెవి నిర్మాణంలోనే కారణం ఉంది. మెల్లగా మోగేటప్పుడు మంద్ర శబ్దాలు, అతి తీక్ష్ణమైన శబ్దాలు మధ్యవాటికంటే ఎక్కువగా తగ్గి వినిపిస్తాయని 1933లోనే బెల్ లేబొరేటరీలో ఫ్లెచర్, మన్సన్ కొలిచి చూపారు. వాల్యూమ్ పెంచగానే మృదంగం తొప్పి వైపు నాదం, తాళాల మెరుపు రెండూ ఒక్కసారిగా ముందుకు వస్తాయి.

స్ట్రీమింగ్ యాప్‌లు పాటల స్థాయిని సమం చేస్తాయి. స్పాటిఫైలో ఈ ఏర్పాటు ముందునుంచే పనిచేస్తుంటుంది, మామూలు లక్ష్యం మైనస్ 14 లఫ్స్. లఫ్స్ అంటే చెవికి తోచే గట్టిదనానికి కొలమానం. మైనస్ 8 దగ్గర మాస్టర్ చేసిన హోరు పాట ఒకటి ఉందనుకోండి. యాప్ దాన్ని 6 డెసిబెల్స్ తగ్గించి వినిపిస్తుంది. మీ ఫైలు మాత్రం తగ్గకుండా మోగుతుంది. 6 డెసిబెల్స్ అంటే చిన్న తేడా కాదు. స్ట్రీమింగ్‌లో పాట చప్పగా ఉంది, ఫైలులో ప్రాణం ఉంది అనే మాటలలో చాలావాటికి మూలం ఇదేనని నా గట్టి అభిప్రాయం.

కాబట్టి స్పాటిఫైలో ఆడియో నార్మలైజేషన్, ఆపిల్ మ్యూజిక్‌లో సౌండ్ చెక్ ఆపేయండి. ఫైలు వాయించే ప్లేయర్‌లో ఇలాగే స్థాయిని సమం చేసే రీప్లేగెయిన్ ఉంటే అదీ ఆపండి. రెండు ప్లేయర్ల లోపలి వాల్యూమ్‌ను పూర్తిగా పెంచి, మీకు కావలసినంతకు కంప్యూటర్ వాల్యూమ్‌తోనే సర్దుకోండి.

ఇంతటితో నమ్మి వదిలేయకండి, కొలవండి. విండోస్‌లో ఆడాసిటీ తెరిచి, ఆడియో హోస్ట్‌గా విండోస్ వాసాపీని, రికార్డింగ్ పరికరంగా పేరు చివర లూప్‌బ్యాక్ అని ఉన్నదాన్ని ఎంచుకోండి. అప్పుడు మైకుతో సంబంధం లేకుండా, కంప్యూటర్ లోపల మోగుతున్న శబ్దమే రికార్డు అవుతుంది. యాప్ నుంచి పాటలో ముప్పై సెకన్లు, ఫైలు నుంచి అవే ముప్పై సెకన్లు తీసుకోండి. రెండింటి ఆర్‌ఎంఎస్ స్థాయిని, అంటే సగటు గట్టిదనాన్ని, అనలైజ్ మెనూలో కొలవండి. తేడా 0.1 డెసిబెల్‌కు మించకూడదు. మించితే గట్టిదాన్ని తగ్గించండి. మెల్లదాన్ని పెంచితే శిఖరాలు తెగి, లేని చెడుపు వచ్చి చేరుతుంది. ఈ రికార్డింగ్ మీ పరీక్ష వరకే. సేవ నిబంధనలు చూసుకోండి, పని అయ్యాక తీసేయండి.

ఏ శబ్దం వినాలి?

మొత్తం పాట విని తీర్పు చెప్పబోకండి. పది పదిహేను సెకన్ల ముక్క చాలు. ముక్క ఎంపికలోనే సగం పని ఉంది.

కుదింపు పద్ధతులను బాగా ఇబ్బంది పెట్టేవి హఠాత్తుగా పుట్టే పదునైన శబ్దాలు. హరికథలో చిడతలు, బుర్రకథలో చేతి అందెలు, కచేరీలో కంజీర, భజనలో తాళాలు ఇందుకు చాలా మంచివి. ఎంపీ3 శబ్దాన్ని 1152 నమూనాల చట్రాలుగా, అంటే సుమారు 26 మిల్లీసెకన్ల ముక్కలుగా తీసుకుంటుంది. చట్రం మధ్యలో చిడత దెబ్బ పడితే, సర్దుబాటులో వచ్చిన లోపం దెబ్బకు ముందున్న నిశ్శబ్దంలోకి కూడా పాకుతుంది. దెబ్బకు సరిగ్గా ముందు చిన్న బుస వినిపిస్తుంది. ఫలితంగా దెబ్బ మొన విరిగినట్లుంటుంది. దీన్ని తగ్గించే ఉపాయాలు ఎంపీ3లో ఉన్నాయి కానీ, తక్కువ బిట్‌రేటులో అవి చాలవు.

రెండోది, చప్పట్లు. మూడోది, గాయని గొంతులో స, శ, చ అక్షరాలు. తక్కువ బిట్‌రేటులో ఇవి ఈల వేసినట్లో, నీళ్లలో కదిలినట్లో మారతాయి. నాలుగోది, తంబురా నాదం. తీగ కింద జీవాళి దారం సరిగ్గా కుదిరిన తంబురాలో ఒక తీగ మీటినప్పుడు పై స్వరాలు ఒకదాని వెనుక ఒకటి విచ్చుకుంటూ పోతాయి. గాయకుడు ఊపిరి తీసుకునే విరామంలో ఆ విచ్చుకోవడాన్ని వినండి. ఎక్కువగా కుదిస్తే అది ముద్దగా మారి, ఉండీ ఉండీ వణుకుతుంది.

చూడకుండా వినండి

ఏది మోగుతోందో తెలిస్తే చెవి పక్షపాతం చూపుతుంది. ఎంత అనుభవం ఉన్నవారికైనా ఇది తప్పదు. కాబట్టి ఇంట్లోవారిని ఒకరిని సాయం అడగండి. వారు మీ వెనుక కూర్చుని, ప్రతిసారి నాణెం ఎగరేసి, బొమ్మ పడితే యాప్, బొరుసు పడితే ఫైలు వాయించాలి. వరుసను కాగితం మీద రాసుకోవాలి, మీతో మాట్లాడకూడదు. వాయించేముందు ఏది కావాలన్నా మీరు ఎన్నిసార్లైనా విని గుర్తుపెట్టుకోవచ్చు.

ఒక్కరే ఉంటే ఫూబార్2000 ప్లేయర్‌కు ఏబీఎక్స్ అనే అనుబంధం వేసుకోండి. ఏ ఒకటి, బీ ఒకటి వినిపించి, ఎక్స్ ఆ రెండింటిలో ఏదో చెప్పమంటుంది. ఇందాక లూప్‌బ్యాక్‌లో తీసిన రెండు ముక్కలనూ ఆడాసిటీలో ఒకే క్షణంలో మొదలయ్యేలా కత్తిరించి, స్థాయి సమం చేసి, వేవ్ ఫైళ్లుగా దాచి దీనిలో వేయండి. మొదలు కొద్దిగా అటూ ఇటూ అయినా ఆ జరుగుబాటే మీకు గుర్తుగా మారుతుంది, పరీక్ష పాడవుతుంది.

పదహారుసార్లు చేయండి. పన్నెండు లేదా అంతకంటే ఎక్కువ సరిగ్గా చెబితే మీకు తేడా వినిపిస్తున్నట్లే. ఊరికే ఊహించి చెబితే అన్ని సరిపోయే అవకాశం నూటికి నాలుగు కంటే తక్కువ. తొమ్మిదో పదో సరిపోతే అది నాణెం చెప్పిన జవాబుతో సమానం. ఎన్నిసార్లు చేయాలో ముందే నిర్ణయించుకోండి. బాగా వచ్చినచోట ఆపేస్తే లెక్క చెల్లదు. చెవి అలసితే లేచి నీళ్లు తాగి రండి.

మొదటే 320తో తలపడకండి. మీ ఫ్లాక్ నుంచి ఆడాసిటీలో 64, 96, 128, 192, 320 ఎంపీ3లు తయారు చేసుకోండి. మాస్టర్ ఒకటే కనుక కుదింపు తేడా ఒక్కటే మిగులుతుంది. 64 దగ్గర తంబురా, తాళాలు ఎలా చెడిపోతాయో విని, ఆ చెడుపును పోల్చుకోవడం నేర్చుకున్నాక పైకి వెళ్లండి. ఎక్కడ పట్టుకోలేకపోయారో, ఆ పాటకు, ఆ ఇయర్‌ఫోన్‌కు, మీ చెవికి హద్దు అక్కడే.

కొందరు ఫ్లాక్ నుంచి ఎంపీ3ని తీసివేసి, మిగిలినదాన్ని వినిపించి, ఇదిగో ఇంత పోయింది అని చూపుతారు. ఆ మిగులు విడిగా వింటే వినిపిస్తుంది, పాటలో ఉన్నప్పుడు దాన్ని గట్టి శబ్దాలు కప్పేస్తాయి. కుదింపు పనిచేసేదే ఆ సూత్రం మీద. అది రుజువు కాదు.

ఫలితం వచ్చాక

మాస్టర్, స్థాయి, తీగ అన్నీ సమం చేశాక 256 ఏఏసీకో, 320కో ఫ్లాక్‌తో ఉన్న తేడాను చాలామంది పట్టుకోలేరు. 96లో అయితే కొంచెం సాధన చేస్తే పట్టుబడుతుంది. మీ ఫలితమూ అలాగే వస్తే, రోజూ వినడానికి స్ట్రీమింగ్‌ను నిశ్చింతగా వాడుకోండి. డబ్బు పెట్టాలనుకుంటే పెద్ద చందాకంటే ముందు చెవికి బిగుతుగా సరిపోయే ఇయర్‌ఫోన్‌కు పెట్టండి. మీకు తేడా తెలిసిందా, ఇంకా మంచిది. ఫ్లాక్ ఇచ్చే చందా మీకు దండగ కాదు.

ఫైళ్లు దాచుకోవడానికి నాకు కనిపించే బలమైన కారణం వేరే ఉంది. హక్కులు చేతులు మారితే ఆల్బమ్ యాప్‌లో నుంచి మాయమవుతుంది. ఒక దేశంలో దొరికే పాట మరో దేశంలో దొరకదు. హైదరాబాద్‌లో చేసుకున్న పాటల పట్టికలో కొన్ని అమెరికా ఖాతాలో మోగవు. ఇంట్లో ఉన్న పాత క్యాసెట్లలో ఊరి హరికథలు, అమ్మమ్మ పాడిన మేలుకొలుపులు, పెళ్లిలో నాదస్వరం ఏ యాప్‌లోనూ లేవు, ఉండబోవు కూడా. వాటిని ఎక్కించేముందు క్యాసెట్ ప్లేయర్ హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో తుడవండి. ఆడాసిటీలో 24 బిట్లు, 48,000 పెట్టి, అత్యధిక శబ్దం మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా రికార్డు చేయండి. ఫ్లాక్‌గా దాచండి. బుస తీసే ప్రయత్నాలు నకలు మీద చేయండి, మొదటి ఫైలును ముట్టుకోకండి. బంధువులకు వాట్సాప్‌లో పంపడానికి ఎంపీ3 దాని నుంచి ఎప్పుడైనా తీసుకోవచ్చు.